ఆర్కిడ్ పిలకలను వేరుచేసి నాటి ఇచ్చే నర్సరీ: పోరంకి వైపు ఒక మంచి సేవ

విజయవాడలో ఆర్కిడ్ మొక్కలు అమ్మే నర్సరీలు చాలానే ఉన్నాయి కానీ, ఇంటికి వెళ్ళిన మొక్కకు ఆ తరువాత ఏదైనా అవసరం పడితే చూసిపెట్టేవారు అరుదు. బందరు రోడ్డులో పోరంకి దాటాక ఉన్న ఒక చిన్న నర్సరీలో మాత్రం, మనం తీసుకెళ్ళిన ఆర్కిడ్‌కు పుట్టిన పిలకలను తల్లి మొక్క నుంచి కోసి, విడిగా కుండీలో నాటి ఇస్తున్నారు. మా ఇంటి ఫెలనాప్సిస్ అనే రకం ఆర్కిడ్‌కు పూకాడ కణుపు దగ్గర వచ్చిన పిలకను, డెండ్రోబియం అనే మరో రకానికి పాత కాండాల చివర్లలో వచ్చిన పిలకలను అక్కడే వేరుచేయించాను. పిలకకు 150 రూపాయలు తీసుకున్నారు. కుండీ, అందులో నింపే సరుకు కూడా ఆ ధరలోనే.

వారి పనిలో నాకు అన్నిటికంటే నచ్చినది, కోయకూడని పిలకను కోయకపోవడం. ఫెలనాప్సిస్‌ను మొదట తీసుకెళ్ళినప్పుడు పిలకకు రెండు ఆకులు ఉన్నాయి, వేరు మాత్రం అప్పుడే మొన తేలుతోంది. నర్సరీ ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "వేరు రెండంగుళాలైనా దిగాలమ్మా, అప్పటిదాకా తల్లే సాకుతుంది, తీసుకెళ్ళండి" అని, డబ్బు తీసుకోకుండా పంపించారు. అరటి పిలకకైతే అడుగున దుంప ఉంటుంది కాబట్టి వేళ్ళు లేకుండా నాటినా కొన్నాళ్ళు ఆ నిల్వతో బతుకుతుంది. ఫెలనాప్సిస్‌కు దుంప గానీ, డెండ్రోబియంకు ఉన్నట్లు నీరు దాచుకునే లావుపాటి కాండం గానీ లేదు. అందువల్ల కనీసం రెండు మూడు వేళ్ళు 5 నుంచి 7 సెంటీమీటర్ల పొడవుకు చేరి, రెండు మూడు ఆకులు విచ్చుకున్నాకే దాన్ని వేరుచేయాలి. తొందరపడితే ఆకులు ముడతలుపడి, పిలక ఎండిపోతుంది. చేతికి వచ్చే రుసుమును వదులుకుని ఈ మాట చెప్పేవారి మీద నమ్మకం కలగడం సహజం.

వేళ్ళు దిగాక మళ్ళీ వెళ్ళినప్పుడు పని నా ఎదుటే జరిగింది. ఒక్కో మొక్కను ముట్టుకునే ముందు బ్లేడును స్పిరిట్ దీపం మంటలో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి వాడారు. ఇది పట్టింపు కాదు. ఆర్కిడ్లకు సోకే సింబీడియం మొజాయిక్ వంటి వైరస్‌లు కోసిన చోట కారే రసం ద్వారా ఒక మొక్క నుంచి మరో మొక్కకు పాకుతాయి, వాటికి మందు లేదు, పైగా తల్లికి ఉన్న వైరస్ సాధారణంగా పిలకకు కూడా వస్తుంది. పిలకను లాగి ఊడదీయకుండా, దానికి రెండు వైపులా అంగుళం చొప్పున పూకాడ ఉండేలా కోశారు. దాల్చినచెక్క పొడిని కోతల మీద మాత్రమే అద్దారు. అది తడిని పీల్చేస్తుంది కనుక వేళ్ళకు తగలనివ్వలేదు. ఎండి వెండి రంగులో ఉన్న వేళ్ళు పెళుసుగా ఉంటాయని, అవి పచ్చబడి వంగేదాకా నీళ్ళలో నానబెట్టి, ఆ తరువాతే కుండీలోకి దించారు.

ఫెలనాప్సిస్ పిలకను నానబెట్టి పిండిన స్ఫాగ్నమ్ నాచులో, 3 అంగుళాల పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో నాటారు. ఆకుల మొదలు నాచుపైకి ఉండేలా చూశారు, వేళ్ళ రంగు బయటి నుంచే కనబడుతుంది కాబట్టి నీళ్ళు ఎప్పుడు పోయాలో తెలుస్తుంది. డెండ్రోబియంలకు బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు వాడారు. డొక్కలోని ఉప్పు పోయేలా ముందే పలుమార్లు నీళ్ళు మార్చి నానబెట్టి ఉంచుతారట.

లోటు కూడా ఇక్కడే ఉంది. నాచును మరీ గట్టిగా అదిమారు. మన వానాకాలపు గాలిలో తేమ ఎక్కువ కనుక, అలా కుక్కిన నాచు పైన ఆరినట్లు కనిపించినా నడిమధ్య తడిగానే ఉండి, లేత వేళ్ళను కుళ్ళబెడుతుంది. ఇంటికి తెచ్చాక దాన్ని నేనే వదులు చేశాను. అక్కడ నాటించుకునేవారు వదులుగా పెట్టమని ముందే అడగడం మంచిది. నాటిన తరువాత ఎంత వెలుతురులో ఉంచాలి, ఎరువు ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న విషయాలను నోటితో చెబుతారే తప్ప కాగితం మీద రాసి ఇవ్వరు. కొత్తగా పెంచేవారికి అది చిన్న లోటు కాదు.

తల్లి మొక్కను పట్టించుకునే తీరును మాత్రం మెచ్చుకోవాలి. పూకాడ ఎదిగే రోజుల్లో వేడి ఎక్కువైతే, మొగ్గ కావలసిన కణుపు మొక్కగా మారే అవకాశం ఉంది. మన ఊరి ఎండలకు ఫెలనాప్సిస్‌లో అది వింత కాదు. డెండ్రోబియం వరుసగా పిలకలు పెడుతుంటే మాత్రం, నీళ్ళు, నత్రజని ఎక్కువై ఉండవచ్చు, లేదా అడుగున వేళ్ళు చెడి ఉండవచ్చు. ఆయన అడగకుండానే మా డెండ్రోబియంను కుండీ నుంచి తీసి, కుళ్ళిన వేళ్ళను కత్తిరించి, కొత్త బొగ్గు వేసి ఇచ్చారు. పిలకలు రప్పించే సైటోకైనిన్ హార్మోన్ పేస్టు అక్కడ అమ్మకానికి ఉన్నా, బలహీనంగా ఉన్న మొక్కకు పూయవద్దని తామే చెప్పడం గమనించదగినది.

ఏప్రిల్, మే నెలల్లో వారు ఈ పనికి ఒప్పుకోరు, అది సరైన నిర్ణయమే. 40 డిగ్రీలు దాటిన ఎండలో అప్పుడే వేరుపడిన పిలక తట్టుకోలేదు. వానలు పడి వేడి తగ్గాక, ఉదయం పూట వెళ్ళండి. ఆటోలో కుదుపులకు వేళ్ళు విరగకుండా పిలక చుట్టూ వార్తాపత్రిక కాగితం వదులుగా చుట్టుకుని తీసుకెళ్ళండి. ఫెలనాప్సిస్ పిలక పూయడానికి సాధారణంగా 2, 3 ఏళ్ళు పడుతుంది. తల్లి పూసిన రంగే అదీ పూస్తుంది.