పాత సీడీ రైటరుకు ఏది మేలు: ఐడీఈ-స్కజీయా, ఐడీఈ-సీడీయా?

లైనక్స్ నడిచే పాత కంప్యూటరులో ఐడీఈ (పాత రకం డ్రైవు కనెక్షన్) సీడీ రైటరుకు ఈ రెండింటిలో ఏ మాడ్యూల్ (అవసరమైనప్పుడు లోడ్ చేసుకునే డ్రైవరు) పెట్టుకోవాలని కడపలో నన్ను అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఒంటిమిట్టలో మా మేనమామ దాచిన హరికథల క్యాసెట్లను సీడీలలోకి ఎక్కించేందుకు కూర్చున్నప్పుడు గత నెల నాకూ ఇదే ప్రశ్న ఎదురైంది. ఆ కంప్యూటరులో 2.4, 2.6 కెర్నెళ్లు (లైనక్స్ మూల భాగపు వెర్షన్లు) రెండూ ఉన్నందువల్ల రెండు పద్ధతులనూ ఒకే రైటరు మీద పరీక్షించగలిగాను.

2.4 కెర్నెల్‌లో సీడీలు రాసే ప్రోగ్రాము సీడీ రికార్డ్‌కు రైటరు స్కజీ (ఐడీఈ కాక మరో రకం కనెక్షన్) పరికరంగా కనబడాలి. ఆ రూపాన్ని ఐడీఈ-స్కజీ మాడ్యూల్ కల్పిస్తుంది. రాయడానికి ఎస్‌జీ, చదవడానికి ఎస్‌ఆర్-మాడ్ అనే మాడ్యూళ్లు దానికి తోడుండాలి. 2003 డిసెంబరులో వచ్చిన 2.6లో ఈ వేషం అవసరం లేదు. ఐడీఈ-సీడీ ఒక్కటే ఉంటే చాలు, సీడీ రికార్డ్‌కు నేరుగా హెచ్‌డీసీ అనే ఐడీఈ డ్రైవు పేరు చెప్పి రాయించుకోవచ్చు.

రైటరును ముందుగా ఏ డ్రైవరు పట్టుకుంటుందన్నదే ఇందులో అసలు సంగతి అని నా అభిప్రాయం. ఐడీఈ-సీడీ ముందుగా లోడయితే రైటరు దాని సొంతమవుతుంది, ఆ తరువాత ఐడీఈ-స్కజీని లోడ్ చేసినా సీడీ రికార్డ్ స్కాన్‌బస్ (స్కజీ పరికరాలను వెతికే ఆదేశం) ఫలితంలో ఏమీ కనబడదు. ఐడీఈ-సీడీ విడి మాడ్యూల్‌గా ఉంటే మాడ్యూళ్ల అమరికలుండే మాడ్యూల్స్ కాన్ఫ్ ఫైలులో హెచ్‌డీసీని వదిలిపెట్టమని దానికి ఇగ్నోర్ ఆప్షన్ ఇవ్వవచ్చు; అదే కెర్నెల్‌లో కలిసిపోయి ఉంటే ఆ ఫైలులో ఎన్ని మార్పులు చేసినా ఫలితం ఉండదు, కెర్నెల్‌ను మొదలుపెట్టే బూట్ లోడరులోని కెర్నెల్ వరుసకు ‘హెచ్‌డీసీ=ఐడీఈ-స్కజీ’ అని చేర్చవలసిందే. ఈ తేడా తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. తీరా అది కుదిరాక డ్రైవు పేరు ఎస్‌సీడీ0గా మారుతుంది కనుక డ్రైవుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులోని పాత వరుస, పాత పేరును చూపే సీడీరామ్ లింకు కూడా సరిదిద్దుకోవాలి.

ఐడీఈ-సీడీ పద్ధతిలో ఈ పోటీయే లేదు, అందుకే నా మొగ్గు అటువైపు. అయితే 2.6.8 కెర్నెల్‌లో స్కజీ ఆదేశాలపై ఆంక్షలు రావడంతో మామూలు యూజరుగా సీడీ రాయడం చెడిపోయింది కనుక ఆ ఒక్క వెర్షన్‌ను తప్పించుకోవడం మంచిది. స్కజీ చిరునామా తప్ప మరొకటి అర్థం చేసుకోలేని పాత ప్రోగ్రాములు ఉన్నవారికి మాత్రం ఐడీఈ-స్కజీ ఉపయోగమే, కానీ 2.6.29 నుంచి అది కెర్నెల్‌లోనే లేదు.

సాటా (ఐడీఈ తరువాత వచ్చిన కనెక్షన్), యూఎస్‌బీ రైటర్లు కొన్నవారు ఎస్‌ఆర్-మాడ్ లోడయిందో లేదో చూసుకుంటే చాలు, డ్రైవు ఎస్‌ఆర్0గా కనబడుతుంది. 5.14 కెర్నెల్‌లో పాత ఐడీఈ డ్రైవర్లనే తీసివేశారు కాబట్టి, కొత్త కెర్నెల్ వేసుకున్న పాత కంప్యూటరులోనూ వాటి స్థానంలోని కొత్త డ్రైవర్ల సముదాయం లిబ్‌ఏటీఏ ద్వారా అదే పేరు వస్తుంది.

మా హరికథలను నేను 2.6లో, ఐడీఈ-సీడీతోనే రాశాను.