జాగ్రత్త: జెడ్77 అని కొన్న మదర్‌బోర్డు, హీట్‌సింక్ పీకి చూస్తే హెచ్61

ఐ5-2500కె, ఐ7-2600కె, 3770కె లాంటి పాత ప్రాసెసర్ దగ్గరుండి, దాన్ని ఓవర్‌క్లాక్ చేద్దామని, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కంటే పైకి లాగుదామని, ఆన్‌లైన్‌లో ‘కొత్త’ 1155 సాకెట్ (ఈ ప్రాసెసర్లు కూర్చునే గూడు) బోర్డు వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు 5,400 రూపాయలు, మూడు వారాల తిరుగుడు, ఒక విండోస్ ఇన్‌స్టలేషన్ పోయాయి. డబ్బయితే తర్వాత వచ్చింది.

నా 2500కె 2012లో కొన్నది. అప్పటి బోర్డు పోయిన వేసవిలో కెపాసిటర్లు ఉబ్బి చచ్చిపోయింది. ప్రాసెసర్ మాత్రం గుండ్రాయిలా ఉంది. కొత్త సిస్టమ్ అంటే నలభై వేలు దాటుతుంది కాబట్టి, మంచి బోర్డు ఒకటి వేసి 4.3 గిగాహెర్ట్జ్‌కి లాగితే ఇంకో రెండేళ్లు నడుస్తుందని లెక్కేశాను. లెక్క తప్పు కాదు, కొన్న బోర్డే తప్పు.

ఈ సాకెట్‌కి పెద్ద కంపెనీలు బోర్డులు చేయడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ‘బ్రాండ్ న్యూ’ అని అమ్మేవాటిలో చాలా వరకు పాత బోర్డుల నుంచి పీకిన చిప్‌సెట్‌ని (బోర్డుని నడిపే ప్రధాన చిప్) కొత్త పీసీబీ (ఖాళీ సర్క్యూట్ బోర్డు) మీద అతికించి చైనా నుంచి వస్తున్నవే. మామూలు ఆఫీసు పనికి అవి చాలు, నేను కాదనను. ఓవర్‌క్లాక్‌కి మాత్రం చిప్‌సెట్ ఏదన్నదే అసలు విషయం. ‘కె’ ప్రాసెసర్ మల్టిప్లయర్ (100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) పెంచుకోవాలంటే పి67, జెడ్68, జెడ్75, జెడ్77 లలో ఏదో ఒకటి ఉండాలి. హెచ్61, హెచ్67, బి75 మీద ‘కె’ వేసినా మామూలు ప్రాసెసర్‌లాగే నడుస్తుంది.

నేను కొన్నదాని పేజీలో ‘జెడ్77 గేమింగ్, ఓవర్‌క్లాక్ సపోర్ట్’ అని ఉంది, ఎర్ర హీట్‌సింక్‌తో ఫొటో. వచ్చిన పెట్టె మీద మోడల్ పేరే లేదు. బోర్డు మీద ర్యామ్ స్లాట్లు రెండు, డ్రైవ్‌లు తగిలించే సాటా పోర్టులు నాలుగు, ప్రాసెసర్ పవర్‌కి నాలుగు పిన్నుల కనెక్టర్. అనుమానం అక్కడే రావాలి. చిన్న సైజు బోర్డు కదా, ఇంతేలే అనుకుని బిగించేశాను.

బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్ తెర) మల్టిప్లయర్ ఆప్షన్ కనబడింది. 43 అని కొట్టి సేవ్ చేశాను. విండోస్‌లోకి వచ్చి, ప్రాసెసర్, బోర్డు వివరాలు చూపించే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే, నాలుగు కోర్ల మీదా లోడ్ పడగానే 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. 2500కె కంపెనీ లెక్క ప్రకారం నాలుగు కోర్లూ పనిచేసేటప్పుడు ఉండే టర్బో స్పీడు అదే. అంటే నేను కొట్టిన 43ని ఎవరూ పట్టించుకోలేదు. బయోస్‌లో గడి కనబడినంత మాత్రాన అది పనిచేస్తుందని కాదు. అదే సీపీయూ-జెడ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌కి వెళ్తే చిప్‌సెట్ పేరు చూపే సౌత్‌బ్రిడ్జ్ వరుసలో హెచ్61 అని ఉంది.

అమ్మినతనికి స్క్రీన్‌షాట్ పంపాను. ‘సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తుంది బ్రో. బీసీఎల్‌కే పెంచండి, ఓవర్‌క్లాక్ అంటే అదే’ అన్నాడు. బీసీఎల్‌కే అంటే ఆ బేస్ క్లాకే. నా బుద్ధి గడ్డి తిని ఆ మాట విన్నాను.

కోర్ 2 డుయో రోజుల్లో బస్ స్పీడు పెంచడమే ఓవర్‌క్లాక్, నిజమే. 2011లో శాండీ బ్రిడ్జ్ వచ్చాక క్లాక్ జనరేటర్ చిప్‌సెట్‌లోకి వెళ్లిపోయింది. ప్రాసెసర్‌కీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కీ, సాటాకీ అదే 100 మెగాహెర్ట్జ్. దాన్ని కదిపితే అన్నీ కదులుతాయి. నాకు 103 బాగానే నడిచింది, 105 దగ్గర యూఎస్‌బీ కీబోర్డు ఒకటి రెండు సార్లు వదిలేసింది. 107 పెట్టి రీస్టార్ట్ చేస్తే విండోస్ లోగో కింద చుక్కలు తిరుగుతూ తిరుగుతూ, చివరికి బూట్ డ్రైవ్ లేదంది. మళ్లీ 100కి తెచ్చాక ఎస్‌ఎస్‌డీ కనబడింది గానీ ఫైల్ సిస్టమ్ దెబ్బతింది. పాప ఫొటోలు అందులోనే ఉన్నాయి. రాత్రి రెండింటి దాకా ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పలేను. వేరే సిస్టమ్‌కి తగిలించి ఫొటోలైతే బయటికి తీశాను, విండోస్ కొత్తగా వేసుకోక తప్పలేదు.

మర్నాడు బోర్డు పట్టుకుని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. రిపేర్ చేసే అన్న దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. ‘రెండు స్లాట్లు, నాలుగు సాటాలు, ఇది జెడ్77 ఎట్లైతది?’ అన్నాడు. వెనకనుంచి రెండు స్ప్రింగ్ పిన్నులు నొక్కి ఎర్ర హీట్‌సింక్ తీశాడు. కింద పేస్టు ఎండి పెంకులా ఉంది. గోటితో గీకి, స్పిరిట్ దూదితో తుడిచి టార్చ్ వేస్తే సన్నటి అక్షరాలు: బీడీ82హెచ్61.

ఆయన చెప్పిన ఇంకో గుర్తు నాకు బాగా నచ్చింది. హీట్‌సింక్ పీకక్కర్లేదు. హెచ్61లో 6 గిగాబిట్ సాటా లేదు, అన్నీ 3 గిగాబిట్‌వే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి డ్రైవ్ స్పీడు కొలిచే క్రిస్టల్ డిస్క్ మార్క్ నడిపితే రీడ్ సెకనుకి 270, 280 ఎంబీ దగ్గర గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. జెడ్77లో సరైన పోర్టుకి పెడితే 500 దాటుతుంది. బుల్లి మినీ ఐటీఎక్స్ సైజులో నిజమైన జెడ్77లకి కూడా రెండే స్లాట్లుంటాయి, కాబట్టి స్లాట్లు ఒక్కటే చూసి తేల్చకండి, ఈ స్పీడు కూడా చూడండి.

ఒకవేళ అది నిజంగా జెడ్77 అయినా ఆ బోర్డు మీద ఓవర్‌క్లాక్ చేయకూడదు. ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే వీఆర్ఎమ్ భాగంలో మూడే కాయిల్స్, అక్కడే కరెంటుని స్విచ్ చేసే మాస్‌ఫెట్ల మీద హీట్‌సింక్ లేదు. పవర్ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 3.3 నుంచి 4.5కి, 1.2 వోల్టుల నుంచి 1.3కి వెళ్లారనుకోండి, 1.36ని 1.17తో గుణిస్తే 1.6 రెట్లు. 95 వాట్ల ప్రాసెసర్ 150 దగ్గరికి వస్తుంది. అదంతా ఆ మూడు కాయిల్స్, నాలుగు పిన్నులే మోయాలి. మామూలు స్పీడులోనే బోర్డు వెనక వేలు పెడితే చురుక్కుమంది.

చివరికి తెలిసినవాళ్ల ద్వారా సెకండ్ హ్యాండ్ జెడ్77 దొరికింది. ఎనిమిది పిన్నుల పవర్, వీఆర్ఎమ్ మీద నిజమైన హీట్‌సింక్. కొనే ముందు సాకెట్ పిన్నులు టార్చ్ వేసి పక్కవాటుగా చూడండి. ఒక్కటి వంగినా కాంతి తేడాగా మెరుస్తుంది. పి67 అమ్ముతామంటే అది బీ3 రివిజనేనా అని అడగండి. 2011 జనవరి చివర్లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకున్న లోపం అది: మొదటి బీ2 చిప్‌సెట్లలో 3 గిగాబిట్ సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ పాడవుతాయి. అప్పుడు వెనక్కి తీసుకున్నారు గానీ, ఎక్కడో ఒకటి అర మిగిలి ఉంటాయి.

సెట్టింగ్స్‌లో నేను మొదట చేసిన తప్పు వోల్టేజీని ఆటోలో వదిలేయడం. మల్టిప్లయర్ 43 పెట్టి మిగతాది ఆటో అంటే ఈ బోర్డు 1.38 వోల్టులు తోసింది. చేత్తో 1.27 పెడితే అదే స్పీడు హాయిగా నడిచింది, ప్రాసెసర్‌ని పూర్తిగా కష్టపెట్టే ప్రైమ్95 పరీక్షలో వేడి పది డిగ్రీలకు పైగా తగ్గింది. 45కి పోతే 1.27 చాలక ఆటలో నీలం తెర, 0x124 ఎర్రర్. ఇంకొంచెం వోల్టు ఇస్తే నిలబడేది, నేనే 43కి దిగిపోయాను. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో టవర్ కూలర్‌తో కూడా 82 డిగ్రీలు చూశాను. ఈ ప్రాసెసర్ 98 దగ్గర తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. పెట్టెలో వచ్చే కూలర్‌తో ఈ పని వద్దే వద్దు. బయోస్‌లో పీఎల్ఎల్ ఓవర్‌వోల్టేజ్ అనే సెట్టింగ్ ఒకటుంటుంది, ఇంత చిన్న ఓవర్‌క్లాక్‌కి అవసరం లేదు, ఆపేయండి. ఆన్‌లో ఉంటే సిస్టమ్ స్లీప్‌లోంచి లేవకపోవచ్చు. పాత 1.65 వోల్టుల డీడీఆర్3 ర్యామ్‌లు చవగ్గా దొరుకుతున్నాయి గానీ తీసుకోకండి. ఈ తరానికి ఇంటెల్ చెప్పింది 1.5, అటూ ఇటూ ఐదు శాతం. ర్యామ్ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంది, పోతే ప్రాసెసరే పోతుంది.

ఇక డబ్బు సంగతి. ‘బోర్డు ఆన్ అవుతోంది కదా, రిటర్న్ లేదు’ అని రెండుసార్లు తిప్పి పంపారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాడు వెనక్కి తీసుకోను అనడానికి వీల్లేదు. ఆ ముక్క రాసి, పేజీ స్క్రీన్‌షాటూ సీపీయూ-జెడ్ స్క్రీన్‌షాటూ పక్కపక్కన పెట్టి జాతీయ వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. తొమ్మిదో రోజున డబ్బు పడింది. పెట్టె విప్పేటప్పుడు తీసిన వీడియో ఉండబట్టి ‘మీరే బోర్డు మార్చారు’ అనే మాట రాలేదు. అమ్మకం పేజీని ముందే సేవ్ చేసుకోండి, గొడవ మొదలవగానే నా కళ్ల ముందే ‘జెడ్77’ తీసేసి ‘1155 గేమింగ్’ అని మార్చారు.

నిన్న అదే ఎర్ర హీట్‌సింక్ ఫొటో మళ్లీ కనబడింది. ఈసారి పేరు ‘జెడ్77 ప్రో’, ధర 5,900.