అల ఆగేదాకా బిరడ తిప్పడమే: వీణ శ్రుతిలో నా మూడేళ్లు

తీగ శ్రుతి కలిసిందో లేదో లైటుతో చూపే క్లిప్పు ట్యూనర్ పక్కన పెట్టి మూడేళ్లయింది. అప్పటి నుంచి మా బొబ్బిలి వీణకి శ్రుతి చెవితోనే. రెండు తీగలు కలిసీ కలవనప్పుడు 'వా... వా...' అని ఓ అల వస్తుంది చూశారా, అది ఆగేదాకా బిరడ (తీగ బిగించే మర) తిప్పి సరిచేయడమే. ఇంటర్ ఫిజిక్స్‌లో విస్పందనాలని బట్టీ పట్టినవే ఇవి. అప్పుడు మార్కులకి తప్ప దేనికీ పనికిరాలేదు.

నన్ను పట్టేసింది పంచమం, అదే 'పా'. నాది మూడో శ్రుతి, సారణి (పాట వాయించే ముఖ్యమైన తీగ) షడ్జం, అంటే 'సా', 164.8 హెర్ట్జ్. సారణికీ పంచమం తీగకీ ట్యూనర్‌లో పచ్చ లైటు వెలిగాక కూడా కలిపి మీటితే రెండు సెకన్లకోసారి మెత్తటి అల మిగిలేది. తీగది తప్పనుకున్నాను. కాదు, ట్యూనర్‌ది కీబోర్డు లెక్క, స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా కోసేది. సారణికీ కింది పంచమానికీ మన లెక్క 4:3, అంటే 123.6 రావాలి. ట్యూనర్ 123.47 దగ్గరే సరే అనేస్తుంది. లంగరు (తీగ చివర సన్నగా సరిచేసే బిళ్ల) వెంట్రుకవాసి జరిపి ఆ అల కాస్తా ఆపేశాక, ముట్టుకోకుండానే పక్కనుండే తాళం తీగలు సన్నగా పలికాయి. ఆ రోజు సాధన మానేసి సా, పా మీటుతూ కూర్చున్నాను.

మొదటి ఏడాది కనబడిన వాళ్లందరికీ 'ట్యూనర్లు పారేయండి' అని చెప్పాను. తర్వాత మే నెలలో ఓ మధ్యాహ్నం అరగంట కుస్తీ పట్టినా అల ఆగలేదు. బిరడ బిగించాను, వదులు చేశాను, మెట్లని పట్టి ఉంచే మైనాన్ని తిట్టాను. ఇంతలో కరెంటు పోయింది. పైన ఫ్యాన్ నెమ్మదిస్తుంటే నా అల కూడా నెమ్మదించింది, రెక్కలు ఆగేసరికి అదీ ఆగింది! నాదాన్ని కోస్తున్నది రెక్కలన్నమాట. 'ఫ్యాన్ ఆపి వాయించుకోవే అని పొద్దుటి నుంచీ చెప్తున్నా' అంది అమ్మ. ఆవిడ చెప్పింది కరెంటు బిల్లు కోసం లెండి.

ఇంకో చిక్కు, అల ఎంత తేడా ఉందో చెబుతుంది కానీ ఎటు తేడా ఉందో చెప్పదు. అందుకే తీగ కాస్త దించి, కింది నుంచే పైకి వస్తాను.

తెల్లవారుజామున, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, ఒంటరిగా కూర్చునే నాలాంటి వాళ్లకి ఇది చాలు. దసరాకి గుళ్లో వాయించేటప్పుడు పక్కన మృదంగం శ్రుతి చేస్తుంటే ఏ అల కూడా వినబడదు. ట్యూనర్ వీణ సంచిలోనే ఉంది, బ్యాటరీ మొన్ననే మార్చాను.