ఫిల్లర్ ఎపిసోడ్: దాటెయ్యడమా, వరసలో చూడడమా, తర్వాతకి ఉంచుకోవడమా... ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లోనూ, సరిహద్దు దాటగానే పాతపట్నంలో ఉన్న చుట్టాలిళ్లలోనూ సైన్స్ ఫిక్షన్ సిరీస్‌ల పిచ్చి ఉన్నవాళ్లం బాగానే ఉన్నాం. కొత్తగా ఎవరు పెద్ద సిరీస్ మొదలుపెట్టినా ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఇందులో ఏవి వదిలెయ్యొచ్చు?" అడగడంలో తప్పేమీ లేదు. ఉద్యోగం, చదువు, ఇంటిపని అన్నీ అయ్యాక దొరికే గంటని ఎవరైనా జాగ్రత్తగానే ఖర్చు పెట్టుకుంటారు.

అసలు కథని ముందుకి నడపకుండా మధ్యలో నింపడానికి పెట్టిన ఎపిసోడ్‌నే ఫిల్లర్ అంటారు. దీనికి మా వాళ్లలో మూడు జవాబులున్నాయి. జాబితా చూసుకుని ఫిల్లర్లన్నీ దాటెయ్యమనేది ఒకటి. ఏదీ వదలకుండా వచ్చిన వరసలోనే చూడమనేది రెండోది. మూడోది మా బావ పద్ధతి: ముందు అసలు కథ పూర్తిచేసి, మిగిలినవి తీరుబడిగా తర్వాత చూసుకోవడం. నేను రెండో పక్షం. అయితే మొదటి పక్షం నెగ్గే చోటు కూడా ఉంది, దాన్నీ దాచను. స్ట్రేంజర్ థింగ్స్ రెండో సీజన్ కథ ఇక్కడ బయటపడుతుంది కాబట్టి చూడనివాళ్లు చూసొచ్చి చదువుకోండి.

ఫిల్లర్లు ఊరికే పుట్టవు. అమెరికా టీవీలో ఒకప్పుడు సీజన్‌కి 22, 26 ఎపిసోడ్లు నింపాల్సి వచ్చేది. అంత పొడవునా ఒకే కథని లాగడం కష్టం. 1993లో మొదలైన ఎక్స్ ఫైల్స్ ఆ ఇబ్బందినే పద్ధతిగా మార్చుకుని, కొన్ని వారాలు గ్రహాంతరవాసుల కుట్ర కథ నడిపి, మిగతా వారాల్లో వారానికో వింత జీవిని దింపింది. జపాన్ కార్టూన్ సిరీస్‌లు, అంటే యానిమేలది ఇంకో బాధ. బొమ్మల పుస్తకంలో కథ ఇంకా నడుస్తుండగానే టీవీ దాన్ని అందుకునేస్తుంది. రచయిత ముందుకి వెళ్లేదాకా ఏదో ఒకటి అల్లుకోక తప్పదు. ఇప్పుడు చాలా సిరీస్‌లకి సీజన్‌కి 8, 9 ఎపిసోడ్లే. ఎపిసోడ్లు తగ్గినకొద్దీ అభిమానుల కోపం పెరిగింది. తొమ్మిదింట్లో ఒకటి పక్కదారి పడితే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది మరి.

దాటెయ్యమనేవాళ్ల చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం "షేడ్స్ ఆఫ్ గ్రే". స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ రెండో సీజన్‌కి ఆఖరి ఎపిసోడ్ ఇది, 1989 జులైలో వచ్చింది. ముందు ఏడాది జరిగిన రచయితల సమ్మెతో ఆ సీజన్ 22 ఎపిసోడ్లకి కుదించుకుపోయింది. పైగా అంతకుముందు ఎపిసోడ్ల మీద డబ్బు అనుకున్నదాని కంటే ఎక్కువైపోయింది. చివరిదాన్ని మూడు రోజుల షూటింగ్‌తో చుట్టేశారు. ఒక గ్రహం మీద అంతరిక్ష ఓడ అధికారి రైకర్ కాలికి ముల్లు గుచ్చుకుంటుంది, సూక్ష్మజీవి నరాల్లోకి పాకుతుంది. దాన్ని ఆపడానికి డాక్టర్ పులాస్కీ అతని జ్ఞాపకాలని రేపుతుంది. ఆ జ్ఞాపకాలన్నీ పాత ఎపిసోడ్లలోంచి కత్తిరించి తెచ్చిన ముక్కలే. సీజన్ ఆఖరున ఏదో గట్టిది పడుతుందని కూర్చున్నవాళ్లకి దక్కింది అది. తర్వాతి సీజన్ సెప్టెంబరు చివర్లో గానీ మొదలవలేదు. రెండు నెలలకి పైగా నోట్లో అదే రుచితో ఉన్నారు. ఇన్నేళ్లయినా అభిమానులు దాన్ని సిరీస్ అంతటిలోకీ అడుగున కూర్చోబెడతారంటే నాకు ఆశ్చర్యం లేదు. అందులో కొత్త సంగతి లేదు, తెలిసిన మనుషుల గురించి కొత్తగా తెలిసేదీ లేదు. దాటెయ్యండి.

చిక్కెక్కడంటే, అదే ముద్రని "ది లాస్ట్ సిస్టర్" మీద కూడా కొట్టేశారు. ఒక ఊళ్లోని రహస్య ల్యాబ్‌లో తలకిందుల లోకానికి గేటు తెరుచుకుని అక్కడి రాక్షస జీవులు బయటికి రావడం, అదే ల్యాబ్‌లో పెరిగి మనసుతోనే వస్తువుల్ని కదిపే ఎలెవెన్ అనే పిల్ల వాటిని ఎదుర్కోవడం స్ట్రేంజర్ థింగ్స్ కథ. దాని రెండో సీజన్ 2017 అక్టోబర్ 27న తొమ్మిది ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చింది. అందులో ఏడోది ఇది. అభిమానులు విరుచుకుపడ్డారు. కథ మంచి పట్టులో ఉండగా తెంపేశారనీ, ఎవరో కొత్తవాళ్లని తెచ్చి మా మీద రుద్దారనీ, తీసేసినా ఏమీ తేడా రాదనీ అన్నారు. దాటెయ్యొచ్చనే జాబితాల్లోకి అది అలాగే ఎక్కింది.

ఆమధ్య రజో పండగ సెలవులకి పిల్లలంతా మా ఇంట్లో చేరితే రెండో సీజన్ మళ్లీ పెట్టాం. నాకూ బావకీ చూసిందే, పిల్లలకి కొత్త. ఆరో ఎపిసోడ్ చివర ల్యాబ్ అడుగున గోతిలోంచి డెమోడాగ్స్ అనే ఆ రాక్షస జీవులు గుంపుగా పైకి ఎగబాకుతుంటే, పోడొపిఠా (పండక్కి కాల్చే పిండివంట) ముక్క నోటిదాకా తీసుకెళ్లిన చిన్న మేనల్లుడి చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏడోది మొదలైంది. ల్యాబ్ లేదు, డెమోడాగ్స్ లేవు, ఎలెవెన్ ఒక్కర్తీ బస్సెక్కి చికాగో పోతోంది. "ఏటి మావయ్యా ఇది! అక్కడ ఆలందర్నీ సంపేత్తంటే ఈ గుంట బస్సెక్కీసి ఎల్లిపోతాదేటి?" అని వాడు లేచి నిలబడ్డాడు. బావ రిమోట్ అందుకుని, "నాను ముందే సెప్పినాను. ఇది ఫిల్లరు. ఎనిమిదోది ఎట్టెయ్" అన్నాడు. మేనకోడలు ఒప్పుకోలేదు. రిమోట్ లాక్కుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చికాగోలో ఎలెవెన్‌కి కాళి దొరుకుతుంది. అదే ల్యాబ్‌లో పెరిగిన ఇంకో పిల్ల, చేతిమీద 008 అంకె. లేనిది ఉన్నట్టు కళ్లకి కట్టించడం ఆమె శక్తి. తమ బతుకులు పాడుచేసిన ల్యాబ్ మనుషుల్ని ఒక్కొక్కరినీ వెతికి చంపడం ఆమె పని. ఎలెవెన్ తల్లికి కరెంటు షాకులిచ్చి మతి పోగొట్టిన మనిషి ఇంటికి ఇద్దరూ వెళ్తారు. ఎలెవెన్ చెయ్యెత్తుతుంది, అతనికి ఊపిరాడదు. అంతలో అతని ఆడపిల్లల ఫొటో కంటపడుతుంది. చెయ్యి దిగిపోతుంది. కాళి తుపాకీ ఎత్తితే దాన్ని కూడా తనే ఆపేస్తుంది. మా గదిలో అప్పటిదాకా ఉన్న అల్లరి అక్కడ సద్దుమణిగింది. "ఇద్దరిదీ ఒకటే బాధ మావయ్యా, ఈ పిల్ల ఆగింది, ఆ పిల్ల ఆగలేకపోనాది" అంది మేనకోడలు. ఆ ఒక్క మాటలో ఎపిసోడ్ మొత్తం ఉంది.

ఇంకొకటి కూడా ఆ రోజే గమనించాను. మా అమ్మ ఈ సిరీస్ చూడదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఆ తలకిందుల లోకం ఏంటో మధ్యమధ్యలో ఆపి చెప్పాలి, అయినా రెండు నిమిషాలకి లేచిపోతుంది. ఏడో ఎపిసోడ్‌కి మాత్రం చివరిదాకా కదల్లేదు. తప్పిపోయిన అక్కని వెతుక్కుంటూ వెళ్లిన చెల్లెలి కథ ఎవరికైనా తెలిసేదే. పక్కకి జరిగిన ఎపిసోడ్ కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకి గుమ్మం తెరుస్తుంది. రోజూ చూసే అభిమానికి ఏది అడ్డంగా తోచిందో, అదే అమ్మని లోపలికి రానిచ్చింది.

అభిమానుల ఫిర్యాదులో న్యాయం లేదని అనను. ఆరో ఎపిసోడ్ అలా ఆపి వెంటనే దీన్ని పెట్టడం తప్పే. ఒక మెట్టు ముందుకి జరిపితే ఇంత గొడవ ఉండేది కాదు. కాళి వెంట తిరిగే ముఠా జుట్టు రంగులకీ బట్టలకీ తప్ప గుర్తుండదు, వాళ్లలో ఒక్కరి గురించీ మనకి బెంగ పుట్టదు. ఆ రెండూ ఒప్పుకుంటాను. తీసేసినా తేడా రాదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. పట్టాల మీదున్న రైలు పెట్టెని లాగమని, కోపాన్ని పట్టుకుని లాగమని ఎలెవెన్‌కి నేర్పేది కాళి. తొమ్మిదో ఎపిసోడ్‌లో గేటు మూసేటప్పుడు ఎలెవెన్ చెవుల్లో మోగేది కాళి మాటలే. సిరీస్ తీసిన డఫర్ సోదరులు కూడా, ఈ ఎపిసోడ్‌ని తీసేసి చూశామనీ, అప్పుడు ఎలెవెన్ ప్రయాణం కూలిపోయిందనీ, ముగింపు నిలబడలేదనీ చెప్పుకున్నారు. మూడో సీజన్ (2019), నాలుగో సీజన్ (2022) కాళి లేకుండానే గడిచాయి. ఎగతాళి చేసినవాళ్లు తమదే నెగ్గిందనుకున్నారు. 2025లో ఐదో సీజన్‌లో కాళి తిరిగొచ్చింది, అదే నటి లిన్నియా బెర్తెల్సెన్‌తో. జాబితా చూసి ఏడోదాన్ని దాటేసిన మా పాతపట్నం తమ్ముడు ఆ రాత్రే ఫోన్ చేసి "ఎవర్రా ఈవిడ?" అని అడిగాడు. చెప్పాను. చెప్పింది విని తెలుసుకోవడానికీ, ఆ ఇంట్లో దిగిపోయిన చెయ్యిని చూసి ఉండడానికీ చాలా దూరం ఉంది.

ఇలాంటి కథనం మనకి బాగా తెలిసినదే. అరణ్యపర్వంలో ధర్మరాజు జూదంలో సర్వం పోగొట్టుకుని అడవిలో ఉన్నాడు. అర్జునుడు అస్త్రాల కోసం వెళ్లిపోయాడు, ఎప్పుడొస్తాడా అని మనకి తొందరగా ఉంటుంది. అప్పుడు బృహదశ్వ మహర్షి వచ్చి నలుడి కథ ఎత్తుకుంటాడు. యుద్ధం వైపు ఒక్క అడుగు పడదు. అయినా అది జూదంలో ఓడినవాడికి చెప్పిన, జూదంలో ఓడిన ఇంకొకడి కథ. కథ అయ్యాక మహర్షి ధర్మరాజుకి పాచికల రహస్యం, అక్షహృదయం ఉపదేశిస్తాడు. ఆ తర్వాత విరాటుడి కొలువులో పాచికలాడే కంకుభట్టు ధర్మరాజే. నలోపాఖ్యానాన్ని దాటేసిన పాఠకుడు కథలో ఎక్కడా దారి తప్పడు. కానీ ధర్మరాజు ఆ అడవిలో ఎలా ఓర్చుకున్నాడో అతనికి తెలియదు. కాళి కథ ఎలెవెన్‌కి చేసింది అదే.

జాబితాల్లో ఉన్న పెద్ద లోపం ఇదే. కథ ముందుకి జరిగిందా లేదా అన్న ఒక్క కొలతే వాటికి తెలుసు. ఆ కొలతతో కొలిస్తే "ది ఇన్నర్ లైట్" కూడా వదిలెయ్యాల్సిందే. 1992 జూన్‌లో వచ్చిన ఈ ఎపిసోడ్ కూడా నెక్స్ట్ జనరేషన్‌దే. ఆ ఓడ కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పి పడిపోతాడు, కటాన్ అనే గ్రహం మీద కామిన్ అనే మనిషిగా కళ్లు తెరుస్తాడు. పెళ్లాం, పిల్లలు, మనవడు, ఎండిపోతున్న నేల... ముసలివాడయ్యేదాకా అక్కడే బతుకుతాడు. ఓడలో మిగతావాళ్లకి అరగంట కూడా గడవలేదు. ఆ గ్రహం ఎప్పుడో నాశనమైపోయింది, తమని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలని వాళ్లు పంపిన జ్ఞాపకం అది. చివర పికార్డ్ చేతిలో పిల్లనగ్రోవి ఒక్కటి మిగులుతుంది. అది వాయించడం అతనికి వచ్చు. తర్వాతి వారం కథకి దీంతో పనేమీ లేదు. అయినా 1993లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు దీనికే వచ్చింది. నాకు ఈ సిరీస్ మొత్తంలో ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

బ్రిటిష్ సిరీస్ డాక్టర్ హూ వాళ్ల "బ్లింక్" (2007) కూడా అలాంటిదే. రెండు ఎపిసోడ్లు ఒకేసారి తియ్యాల్సి రావడంతో కథానాయకుడు డేవిడ్ టెనెంట్ ఇందులో కాసేపే కనిపిస్తాడు. సర్దుబాటు కోసం పుట్టిన ఎపిసోడ్, కానీ రెప్పవాలిస్తే కదిలే ఆ రాతి దేవదూతల్ని చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. దీనికీ 2008లో హ్యూగో వచ్చింది.

ఇక బావ పద్ధతి. ఎక్స్ ఫైల్స్ లాంటివాటికి అది బాగానే పనిచేస్తుంది, వింత జీవుల ఎపిసోడ్లు చాలామట్టుకు విడివిడిగా నిలబడతాయి కాబట్టి వానాకాలం రాత్రుళ్లకి దాచుకోవచ్చు. అద్దంలా పాత్రకి ఎదురుగా పెట్టిన ఎపిసోడ్‌కి మాత్రం పనికిరాదు. గేటు మూసేశాక వెనక్కొచ్చి కాళిని కలిస్తే ఆ కోపం ఎక్కడికి పోయిందో ముందే తెలిసిపోయి ఉంటుంది, ఎలెవెన్ ఆగుతుందా లేదా అన్న భయమే ఉండదు. ఇంకో సంగతి, తర్వాత చూద్దామన్నవి తొంభైపాళ్లు చూడం. బావ దగ్గర అలా మిగిలినవి సీజన్ల కొద్దీ ఉన్నాయి.

కోపం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1989లో "షేడ్స్ ఆఫ్ గ్రే" చూసినవాళ్లు వారం ఆగి కూర్చున్నవాళ్లు, ఆ తర్వాత నెలలు ఆగినవాళ్లు. వాళ్ల కోపానికి పూర్తి హక్కుంది. 2017లో తొమ్మిదీ చేతిలోనే ఉన్నాయి. ఏడోది నచ్చకపోయినా గంటలోపే ఎనిమిదోది మొదలవుతుంది. ఆ గంట ఆగలేకపోవడం ఎపిసోడ్ లోపం కాదు.

కాబట్టి మొదటిసారి చూసేవాళ్లకి నేను చెప్పేది: వరసలో చూడండి. పాత ముక్కలు అతికించిన ఎపిసోడ్ అని తెలిస్తే దాటెయ్యండి. పక్కన ముందే చూసినవాళ్లుంటే ఎపిసోడ్ మొదలవకముందు "ఇది ఫిల్లరు" అనొద్దని గట్టిగా చెప్పండి. ఆ మాట చెవిన పడ్డాక ఎవరూ మనసుపెట్టి చూడరు. ఆ రోజు మా చిన్న మేనల్లుడు మొదటి పావుగంట ఫోన్ చూసుకున్నది బావ మాట వల్లే.

డ్రాగన్ బాల్ జెడ్ అనే యానిమే సంగతి వేరు. 1989 నుంచి 1996 దాకా 291 ఎపిసోడ్లు నడిచింది, పోట్లాట మొదలవడానికే ఎపిసోడ్లకి ఎపిసోడ్లు పట్టేవి. 2009లో తీసినవాళ్లే అల్లిక చాలావరకు తీసేసి కై పేరుతో మళ్లీ ఇచ్చారు. కొత్తవాళ్లు కై చూస్తే చాలు. అయితే ఎప్పుడూ పోట్లాటల్లో ఉండే వీరులు గోకు, పికోలో ఇద్దరూ కారు డ్రైవింగ్ లైసెన్స్ కోసం బడికెళ్లే ఎపిసోడ్ కైలో లేదు, దాన్ని మాత్రం పాతదాంట్లోంచి వెతికి చూడండి.