మోజోకు తొడుగు వెతుకుతూ: అకిహబరా, నకానో

ఫోనుకూ హెడ్‌ఫోన్‌కూ మధ్య తగిలించి పాటను మెరుగ్గా వినే, జేబులో పట్టే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌కు కేసు, దాన్ని ఫోనుకు బిగించే పట్టీలు కొనాలనుకునేవారికి టోక్యోను మించిన ఊరు నాకు కనిపించలేదు. మనం ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తెప్పించుకునే సరుకును అక్కడ చేత్తో పట్టుకుని చూడవచ్చు. నా దగ్గరున్నది కోర్డ్ సంస్థ 2015లో విడుదల చేసిన మోజో. దాని పొడవు 82 మిల్లీమీటర్లు, వెడల్పు 60, మందం 22, బరువు 180 గ్రాములు.

బసకు ఎలక్ట్రానిక్ సామాన్ల పేట అకిహబరా కన్నా, సోబు రైలు లైన్‌లో ఒక్క స్టేషను అవతలున్న అసకుసబషి మేలు. నేను దిగిన హోటల్ గదిలో సూట్‌కేసు తెరిస్తే కాలు పెట్టే చోటుండదు, కానీ గది శుభ్రంగా ఉంది, రాత్రి నిశ్శబ్దంగా ఉంది. పైగా ఆ చుట్టుపక్కల తోలుపని సామాను అమ్మే దుకాణాలున్నందున, కేసు కొనేముందే రకరకాల తోళ్లను ముట్టుకుని చూసే వీలు దొరికింది.

అకిహబరాలో స్టేషన్‌ను ఆనుకుని ఉన్న యొదొబషి అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనూ, ఇ-ఇయర్‌ఫోన్ అనే హెడ్‌ఫోన్ల దుకాణంలోనూ సరుకుకు కొదవ లేదు. అయితే ఆ పేటలోనే మరో చిన్న దుకాణంలో ప్యాకెట్ విప్పడానికి ఒప్పుకోలేదు. కొలత చూసుకోకుండా కేసు కొనమనడం న్యాయం కాదు.

అసకుసబషిలో ఎక్కిన సోబు లైన్ పసుపు గీత రైలే నేరుగా నకానోకు తీసుకెళ్తుంది. 1966లో కట్టిన నకానో బ్రాడ్‌వే అనే దుకాణాల భవనంలో, మూడో అంతస్తులోని ఫుజియా ఎవిక్ అనే ఆడియో దుకాణంలో కొత్తవాటితో పాటు వాడిన పరికరాలూ అమ్ముతారు. అక్కడి సిబ్బంది ఓపికగా ఒక వాడిన తోలు కేసును నా మోజోకు తొడిగి చూసుకోనిచ్చారు. మోజోకు ఒక కొసన హెడ్‌ఫోన్ రంధ్రాలు, రెండో కొసన ఛార్జింగ్, డేటా రంధ్రాలు ఉంటాయి కనుక రెండు వైపులా తెరిచి ఉన్న కేసే కావాలి. రంధ్రం చుట్టూ తోలు మందంగా ఉంటే ఎల్ ఆకారపు ప్లగ్ పూర్తిగా దిగదు, అప్పుడు ఒక చెవిలో పాట ఆగిపోతుంది. వాల్యూమ్ మార్చే గోళీల్లాంటి బటన్లు వేలికి అందాలి. అన్నిటికన్నా ముఖ్యం గాలి ఆడటం: ఛార్జింగ్‌లో పెట్టి వింటే మోజో బాగా వేడెక్కుతుంది, హద్దు దాటితే తనంతట తానే ఆగిపోతుంది. బెజవాడ ఎండల్లో తిరిగేవారు అన్ని వైపులా మూసుకున్న మెత్తటి పౌచ్‌ల జోలికి పోకపోవడమే మంచిది.

ఫోనును ఆంప్‌కు బిగించే సిలికాన్ పట్టీల్లో సన్నవే తీసుకున్నాను, వెడల్పువి తెర మీది బటన్లను కప్పేస్తాయి. రెండూ అంత దగ్గరగా ఉన్నప్పుడు ఫోను సిగ్నల్ వల్ల గరగర శబ్దం వినిపించవచ్చు, ఫ్లైట్ మోడ్‌లో పెడితే అది పోతుంది.

విదేశీ పర్యాటకులకు 10 శాతం వినియోగ పన్ను మినహాయింపు దక్కాలంటే ఒకే దుకాణంలో ఒకే రోజు కనీసం 5,000 యెన్ల సరుకు కొని పాస్‌పోర్టు చూపాలి. అందుకే కేసు, పట్టీలు విడివిడిగా కాక ఒకేచోట తీసుకోవడం లాభం. 2026 నవంబరు 1 నుంచి పన్ను ముందు కట్టి, దేశం విడిచేటప్పుడు తిరిగి పొందే పద్ధతి వస్తుంది కాబట్టి, ఆ తర్వాత వెళ్లేవారు విమానాశ్రయానికి కాస్త ముందుగా చేరుకోవాలి.