ఆరుగురి మెదళ్ళూ, నా అతితెలివీ

మెదడులో ఏ చోట ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చూపే అలెన్ హ్యూమన్ బ్రెయిన్ అట్లాస్ అనగానే అందరూ ఆ రంగురంగుల బొమ్మల గురించే చెబుతారు. ఐదేళ్ళుగా వాడుతున్నాను, నేను బొమ్మలు చూడటం మొదటి నెలలోనే మానేశాను. నాకు దాని మీద మమకారం వేరే కారణంతో. ఆరుగురి మెదళ్ళని కలిపి సగటు కట్టి చేతిలో పెట్టలేదు, ఎవరి మూట వాళ్ళదిగా ఇచ్చారు.

మొదట్లో అదే విసుగనిపించింది. ఆరు జిప్ ఫైళ్ళు. ఒక్కోదాంట్లో జన్యువుల కొలతల పట్టిక వేరు, ఏ నమూనా మెదడులో ఎక్కడిదో చెప్పే పట్టిక వేరు. కొలతల పట్టికలో ప్రోబ్ (ఒక్కో జన్యువుని కొలిచే తునక) నంబరు తర్వాత నిలువు వరసలకు పేర్లుండవు. రెండో పట్టికలో నమూనాలు ఏ వరసలో ఉన్నాయో ఇక్కడా అదే వరస. ఆ సంగతి వాటితోపాటు వచ్చే రీడ్‌మీ ఫైల్లో రాసే ఉంది. నేనే చదవలేదు.

ఆరూ కలిపితే 3702 నమూనాలు. అన్నీ ఒకే పట్టికగా అతికించి, హిప్పోకాంపస్‌వి ఒకచోట, సెరిబెల్లమ్‌వి ఒకచోట కనిపిస్తే బాగుంటుందని చోట్ల పట్టికని, ఏ నమూనా ఎవరిదో చెప్పే వరసతో సహా, ఎక్సెల్‌లో సార్ట్ చేశాను. కొలతలు మాత్రం కదల్లేదు. వీధిలో ఇంటి నంబర్లన్నీ పీకి మార్చేసి, మనుషుల్ని ఎక్కడివాళ్ళని అక్కడే ఉంచేశానన్నమాట. తమాషా ఏమిటంటే, ఫలితం పిచ్చిపిచ్చిగా ఏం రాలేదు. నేను వెతుకుతున్న జన్యువు మెదడంతా సమానంగా పరుచుకుని ఉన్నట్టు నున్నగా వచ్చింది. ఆ సంబరంలో ఒక పేరా కూడా రాసేశాను.

మా ల్యాబులో సీనియర్ అక్క అది చదివి, "బానే ఉంది గానీ తమ్ముడూ, ఈ ఆరుగురిలో ఆడమనిషి ఒక్కతే. ఆవిడెవరో నీ పట్టికలో చూపించు" అంది. ఎక్సిస్ట్ అని ఒక జన్యువుంది. ఆడవాళ్ళ కణాల్లో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాని నోరు నొక్కేది అదే. మగవాళ్ళలో దాని సడే ఉండదు. అంటే ఆవిడ నమూనాల్లోనే పైకి లేవాలి. నా పట్టికలో మాత్రం ఐదుగురు మగవాళ్ళ మెదళ్ళలోనూ అక్కడక్కడా చిటపటలాడుతోంది. అక్క నవ్వలేదు, అదింకా ఘోరం. "మొదట్నుంచి చెయ్యి" అని టీకి వెళ్ళిపోయింది.

ఒకే పట్టిక ఇచ్చుంటే ఈ తప్పే జరిగేది కాదుగా అంటారేమో. కావచ్చు. కానీ ఇంకేదో తప్పు చేసేవాణ్ణి, అది పట్టుకోవడానికి ఆవిడ విడిగా ఉండేది కాదు. ఇప్పుడు ఏ లెక్క మొదలెట్టినా ముందు ఎక్సిస్ట్ గ్రాఫే గీస్తాను.

ఎవరి మూట వాళ్ళదని ఇందాక మురిసిపోయాను గానీ, విప్పి చూస్తే మూటలన్నీ ఒక్కలా లేవు. కుడివైపు నమూనాలు ఇద్దరివే. ఆ ఇద్దరిలో కుడి ఎడమల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని, మిగతా నలుగురికి ఎడమవైపే తీశారు. ఖర్చు లెక్కన సబబే, కుడిఎడమల తేడాల మీద పనిచేసేవాళ్ళకి మాత్రం దక్కేది ఇద్దరే. ఆడామగా తేడాలంటే అక్క అడిగిన ఆ ఒక్కావిడే దిక్కు. వయసులు 24 నుంచి 57 దాకా, కాబట్టి వృద్ధుల మతిమరుపు మీద పనిచేసేవాళ్ళు ఇంకెక్కడైనా వెతుక్కోవాల్సిందే. ఒకే జన్యువుకి రెండు ప్రోబులు రెండు రకాలుగా చెప్పినప్పుడు దేన్ని నమ్మాలనేది ఇంకో తలనొప్పి, దానికి వేరే రోజు కావాలి.

నా సంగతికొస్తే, ల్యాబంటే ఒక లాప్‌టాపూ హాస్టల్ వైఫైనూ. ఖాతా తెరవకుండా, పైసా కట్టకుండా ఇంత ముడిసరుకు దొరకడం నాబోటివాడికి పెద్ద సంగతే. సొంతంగా మెదడు నమూనాలు తెచ్చుకోగలిగినవాళ్ళకి ఇదే మాట చెప్పను. ఆరుగురంటే ఆరుగురే.

మొన్న ల్యాబులో కొత్తగా చేరిన కుర్రాడికి ఆరు జిప్పులూ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. రీడ్‌మీ ఊసెత్తలేదు. ముందు ఎక్సిస్ట్ గీసుకు రమ్మన్నాను.