రెండేళ్లు వాడాక: ఎంసీ100ఈపీ195 డిలే చిప్

పది బిట్ల కోడ్ ఇస్తే సుమారు 2.2 నానోసెకన్ల నుంచి 12.2 నానోసెకన్ల దాకా సిగ్నల్‌ను ఆలస్యం చేసే చిప్ ఇది. కోడ్ ఒకటి పెంచితే పెరిగే ఆలస్యం, అంటే స్టెప్పు, దాదాపు 10 పికోసెకన్లు (నానోసెకనులో వెయ్యో వంతు ఒక పికోసెకను). తిరుపతిలో ఏసీ లేని ల్యాబ్‌లో రెండేళ్లుగా వాడుతున్నాం. మంచి చిప్పే, కానీ దాని ఆలస్యాన్ని మీరే కొలిచి పట్టిక రాసుకోకపోతే ఆ పది బిట్లకు అర్థం లేదు.

ముందు టెర్మినేషన్ (అవుట్‌పుట్ లైను చివర పెట్టే రెసిస్టర్లు) సంగతి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ తెరిచి ఉంటుంది, కిందికి లాగే దారి బయట మనమే ఇవ్వాలి. 3.3 వోల్ట్ సప్లై అయితే పైకి (సప్లైకి) 130 ఓమ్‌లు, కిందికి (గ్రౌండ్‌కు) 82 ఓమ్‌లు. రెండూ కలిసి 50 ఓమ్‌లు, మధ్యలో సుమారు 1.3 వోల్ట్‌లు. రెండూ తారుమారైతే మధ్య వోల్టేజీ 2 వోల్ట్‌లకు ఎక్కుతుంది. అప్పుడు లో లెవెల్ 1.6కు దిగాల్సింది 2 దగ్గరే ఆగిపోతుంది. స్కోపులో వేవ్ సగానికి సగం కుంగి కనిపిస్తే చిప్‌ను అనుమానించకండి, ముందు ఆ రెండు రెసిస్టర్లు చూడండి.

3.3 వోల్ట్ మైక్రోకంట్రోలర్‌తో నేరుగా నడపాలంటే, కోడ్ బిట్లు ఏ వోల్టేజీ దగ్గర మారాలో నిర్ణయించే వీసీఎఫ్, వీఈఎఫ్ పిన్నులు రెండూ ఖాళీగా వదిలేయాలి. ఎనిమిది బిట్లు ఒక పోర్టులో, మిగతా రెండు ఇంకో పోర్టులో ఉంటే మధ్యలో ఒక తప్పుడు కోడ్ వచ్చి పోతుంది. పాత కోడ్‌ను పట్టి ఉంచే ఎల్‌ఈఎన్ పిన్‌ను హైలో పెట్టి, పదీ రాసి, తర్వాత లోకు దించండి. అదీ పల్స్ లోపల లేని సమయంలోనే. లేకపోతే సగం తెగిన పల్స్ బయటికొస్తుంది.

కోడ్ సున్నా పెట్టినా 2.2 నానోసెకన్లు పోతాయి. చిప్ గుండా వెళ్లని ఇంకో సిగ్నల్‌తో పోల్చాలంటే, ఆ రెండో దారిలో దాదాపు 44 సెంటీమీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ పెడితే సరిపోతుంది. బోర్డు మీద ట్రాక్ మిల్లీమీటరుకు ఆరు పికోసెకన్లు తింటుంది, అంటే రెండు మిల్లీమీటర్ల తేడా కూడా ఒక స్టెప్పు కన్నా ఎక్కువ.

ఇక కొలత. 100 మెగాహెర్ట్జ్ స్కోపుతో పికోసెకన్లు కొలవడం కుదరదు, దాని రైజ్ టైమే (అంచు ఎక్కడానికి పట్టే సమయం) 3.5 నానోసెకన్లు. మాకు పనికొచ్చిన పద్ధతి చిప్‌ను దాని మీదికే తిప్పడం. అవుట్‌పుట్ క్యూ, దాని తలకిందుల రూపం క్యూ-బార్‌లను ఇన్‌పుట్‌లకు అడ్డంగా మార్చి కలిపితే అదే ఆసిలేటర్ (తనంతట తానే హై, లోల మధ్య తిరిగే సర్క్యూట్) అయిపోతుంది. పీరియడ్ అంటే మొత్తం ఆలస్యానికి రెండింతలు. కోడ్ సున్నాలో 225 మెగాహెర్ట్జ్ దగ్గర, 1023లో 41 దగ్గర తిరుగుతుంది. ట్రాక్ పొడవును బట్టి ఇంకాస్త తగ్గుతుంది. ముందు ఫ్రీక్వెన్సీని తగ్గించే డివైడర్ పెడితే మామూలు ఫ్రీక్వెన్సీ కౌంటర్ చాలు. ఒక స్టెప్పు మారితే పీరియడ్ 20 పికోసెకన్లు మారాలి, కౌంటర్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది. ఇందులో వచ్చేది ఎక్కే అంచు, దిగే అంచుల సగటు మాత్రమే.

ఇలా కొలిస్తేనే అసలు విషయం తెలుస్తుంది. బిట్ల బరువులు సరిగ్గా రెండింతలు ఉండవు. 511 నుంచి 512కు వెళ్లేటప్పుడు తొమ్మిది బిట్లు ఆరిపోయి ఒక్కటి వెలుగుతుంది, అక్కడ ఆలస్యం పెరగాల్సింది తగ్గవచ్చు కూడా. అందుకే 1024 విలువలూ కొలిచి, ఆలస్యం వరసలో పేర్చి, ఆ పట్టికనే ప్రోగ్రాంలో వాడాలి.

మా ఊరి ఎండ ఇందులో పెద్ద లెక్కే. చిప్ వంద మిల్లీఆంప్‌ల పైనే తాగి తనంతట తానే వేడెక్కుతుంది, మే నెలలో గది వేడి దానికి తోడవుతుంది. వేడి పెరిగితే ఆలస్యమూ పెరుగుతుంది, కోడ్ పెద్దదైతే ఆ తేడా ఇంకా పెద్దది. జనవరిలో రాసిన పట్టిక మేలో పనికిరాదు. స్విచ్ వేసి అరగంట ఆగి, రోజుకోసారి నాలుగైదు కోడ్‌లైనా సరిచూడండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలనివ్వకండి.

ఇన్‌పుట్ అంచు నెమ్మదిగా ఎక్కితే ఇంత ఖర్చూ వృథా. నానోసెకనుకు 0.1 వోల్ట్ ఎక్కే అంచు మీద ఒక మిల్లీవోల్ట్ నాయిస్ ఉందంటే 10 పికోసెకన్ల జిట్టర్ (అంచు ముందుకూ వెనక్కూ ఊగడం), అంటే ఒక స్టెప్పు మొత్తం.

తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ రాడార్ నడిచే 53 మెగాహెర్ట్జ్ లాంటి చోట ఒక డిగ్రీ ఫేజ్ అంటే దాదాపు 52 పికోసెకన్లు, సెంటీమీటరు కేబుల్ కత్తిరిస్తే వస్తుంది. అలాంటి స్థిరమైన ఆలస్యానికి ఈ చిప్ అక్కర్లేదు. 78 పికోసెకన్ల స్టెప్పు చాలనుకుంటే ఆర్టిక్స్-7 ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకునే చిప్) లోని ఐడిలే అనే ఆలస్యం బ్లాకు బాగుంటుంది. 200 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌తో అది వేడికి తనే సర్దుకుంటుంది. కానీ అందులో అది ఇన్‌పుట్ వైపే ఉంటుంది. అవుట్‌పుట్ పల్స్‌ను సన్నగా జరపాలంటే మేము ఇప్పటికీ ఈ చిప్‌నే పెడుతున్నాం.